మా యింటి పిల్లి పథ్యము

దయ యని మనము చెప్పుకొనుదానిలో మన తృప్తి పాలెంత, ఎదుటి ప్రాణికి గలిగిన మేలు పాలెంత యని విడదీసి చూచుకొనువారు తక్కువ. మేమును చూచుకొన్నవారము కాము. మా యింటి పిల్లికి వ్యాధి వచ్చి, దానిని మూడేండ్లకు పైగా సాకిన పిదపనే యీ లెక్క మాకు గొంత తెలిసినది. పిల్లినిగూర్చి వ్యాసమేమిటని చదువరులు నవ్వవచ్చును. నవ్వినను తుదివరకు చదువ గోరుచున్నాము.

2015లో గోదావరి పుష్కరములకు రాజమహేంద్రవరమున జనము క్రిక్కిరిసియున్న దినములలో, మా వీధియరుగు క్రింద నొక పిల్లికూన దొరికెను. మాది శాకాహారుల యిల్లు. పిల్లి యెదురైనచో ప్రయాణము మానుకొను అలవాటు మా తాతగారి కాలముననే మా యింట పోయినది గాని, పిల్లికి పాలు, పెరుగన్నమే తగిన యాహారమను నమ్మకము మాత్రము పోలేదు. వానితోడ అంగడిలో దొరకు చేపల గుళికలు తిని అది యేడేండ్లు పెరిగెను.

2022 వేసవిలో అది వారమునకు రెండు మూడుసారులు వాంతి చేసికొనసాగెను. నాకిన వెండ్రుకలు కడుపులో జేరినవని సరిపెట్టుకొంటిమి. పిమ్మట విరేచనములు పట్టుకొనెను. నాలుగు కిలోలకు మించి తూగు పిల్లి మూడు కిలోలకు దిగెను. వంతెన దాటించి కొవ్వూరులో విడిచిరమ్మని యొకరు, పిల్లికి సూదిమందు లేల యని యొకరు చెప్పిరి. పాడిగేదెల వైద్యమునకే యలవాటుపడిన మన డెల్టాలో, పిల్లిని బుట్టలో బెట్టుకొని వైద్యశాల వరుసలో నిలుచున్నవారిని జూచి నవ్వుట యింకను పోలేదు. నులిపురుగుల మందును, విరేచనములు కట్టు మందును వాడితిమి. మందు ఆగిన వారమునకే రోగము తిరిగి వచ్చెడిది.

తుదకొక వైద్యుడు మలమును, రక్తమును పరీక్షింపజేసి, అల్ట్రాసౌండుతో కడుపు జూచి, ప్రేగుగోడ మందమెక్కినదని చెప్పెను. శరీరమును గాపాడవలసిన కణములే ప్రేగుగోడలో గుమిగూడి, తిన్న యాహారముమీదను, ప్రేగులలో సహజముగా నుండు సూక్ష్మజీవులమీదను తిరుగబడి తాపము పుట్టించుట యీ వ్యాధి స్వభావమట. ముక్క తీసి సూక్ష్మదర్శినితో జూచినగాని, దీనిని ప్రేగులలో మెల్లగా బెరుగు కాన్సరునుండి నిశ్చయముగా వేరుచేయ వీలుకాదని కూడ నాయన దాచక చెప్పెను. అప్పటి దాని దేహమునకు మత్తు ప్రమాదమని తోచి, ముందు చికిత్సయే చేయింప నిశ్చయించితిమి. నయమగునా యని యడిగితిమి. "నయము కాదు, అదుపులో నుండును. ఆ అదుపు చాలవరకు మీ యింటిలోనే యున్నది" అని యాయన చెప్పెను.

సాధనములు మూడు. మొదటిది పథ్యము: అది యంతకుముందు తినియెఱుగని మాంస మొక్కటే కొన్ని వారములు పెట్టవలెను, వేఱొక మెతుకు తగులరాదు. కోతలైన వరిచేలలో బాతులను మేపువారు మన ప్రాంతమున గలరు గనుక బాతుమాంసము నిర్ణయమయ్యెను. రెండవది బి12 విటమిను: చిన్నప్రేగు చివరిభాగము చెడినచో అది రక్తమున కెక్కదు గనుక, వారమున కొకటి చొప్పున ఆరు సూదులు. మూడవది ప్రెడ్నిసొలోన్ మాత్ర.

చిక్కు వంటయింట వచ్చెను. మా యమ్మగారు మాంసమను మాటకే చెవులు మూసికొనిరి. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారియనియు, మాంసములోని టారిన్ అను పదార్థము లోపించినచో దాని కన్నులు, గుండె చెడుననియు, పెద్దపిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెర యరుగదనియు వైద్యుడు చెప్పిన మాటలు వినిపించితిమి. వ్యాధికి మా తిండియే కారణమని యాయన యనలేదు. కాని మన యాచారమును దాని కంటగట్టి, దానినే యహింస యని యేడేండ్లు మురిసితిమని మాకు సిగ్గు కలిగెను. పెరటిలో వేఱుగా కుంపటి పెట్టితిమి.

పిల్లి కోలుకొనుచు, నడుమ నడుమ మరల జబ్బుపడుచుండెను. కారణము తెలియలేదు. ఒకనాడు మా యమ్మగారి మంచముక్రింద పాలగిన్నె కనబడెను. "కాళ్లకి చుట్టుకుని అరుస్తుంటే చుక్క పాలు పొయ్యకుండా నా చేతులు ఊరుకోవురా అబ్బాయీ" అని యామె కన్నీరు పెట్టుకొనెను. మేము కోపింపక, దినమును వ్రాయుచున్న పుస్తకము తెచ్చి, తిండి, వాంతి, విరేచనము, తూకము వరుసగా చదివితిమి. ఏయే రాత్రులు పాలుపోసినదో యామెయే చెప్పెను. మరునాటి విరేచనములు వానికి సరిపోయెను.

ఆమెను మాత్రమే తప్పుపట్టు నర్హత మాకు లేదు. పిల్లి బొద్దెక్కగానే, దినమును దాని నోరు తెఱచి మాత్ర వేయుట విసుగై, వైద్యు నడుగకయే మాత్ర మానిపితిమి. ఆ మందును క్రమముగా దగ్గింపవలెను. అది వాడుకాలమున శరీరము తనలో బుట్టవలసిన తత్తుల్యమైన రసమును తగ్గించుకొనును. పదిదినములలో పిల్లి మూలబడెను. ఆమె పాలు జాలిచే పోసెను, మేము మాత్ర బద్ధకముచే మానితిమి. బాధపడినది పిల్లి.

వైద్యుని పరీక్షాపత్రములో బి12 ప్రక్కన ఫోలిక్ ఆమ్లము పేరుండెను. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున గొంతకాలము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దరు స్ప్రూ అను ప్రేగువ్యాధిచే మరణించిరి. ఆయనకును అదియే సోకగా ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేదచికిత్సచే గోలుకొనెను. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన యాధ్వర్యమున ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. స్ప్రూ వలన గలుగు రక్తహీనతకు అది మందయ్యెను. ఈ సంగతి మా యమ్మగారికి చెప్పుచుండగా ఆమె పిల్లి పుస్తకమును చేత బట్టుకొని చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "మీ మేనత్తకి ఇలా ఎవరూ రాయలేదురా" అనెను.

మా మేనత్త బాలవితంతువు. గ్రహణి యని యందఱు చెప్పుకొన్న రోగముతో పండ్రెండేండ్లు కృశించి 1968లో పోయెను. ఇంట నందఱు జాలిపడినవారే. ఉపవాసము లుండుమనువారు ఉండుమనిరి, పాలు త్రాగుమనువారు త్రాగుమనిరి. ఆమె యేమి తినిన నేమి జరిగినదో ఒక్క దినమైనను వ్రాసి చూచినవారు లేరు.

నాటినుండి మాత్ర వేయు పని మా యమ్మగారే తీసికొనిరి. పథ్యపరీక్ష ముగిసిన పిదప టారిను, కాల్షియము మొదలగువానిని వైద్యుడు చెప్పిన కొలతను చేర్చుచున్నాము, ఏలయన వట్టి మాంసము చిరకాలము చాలదు. ప్రెడ్నిసొలోన్ వలన మధుమేహము రావచ్చును గనుక రక్తపరీక్ష చేయించుచున్నాము. పిల్లి నేడు మూడు కిలోల ఎనిమిదివందల గ్రాములు తూగుచున్నది. నెలకొకసారి యైనను వాంతి చేసికొనును, ఆ దినము పుస్తకమున నెఱ్ఱసిరాతో వ్రాయుదుము. తమ యిండ్లలో దీర్ఘరోగులు, మనుష్యులు గాని జంతువులు గాని, కలిగిన చదువరులు నేటి రాత్రియే యట్టి పుస్తకమొకటి తెఱవవలెనని మా ప్రార్థన.