ఆట నేర్పిన పాట

వీడియో గేమ్ పిల్లల్ని చెడగొడుతుందనే కదా అందరం అంటాం! అందులోని సంగీతం ఎప్పుడైనా విన్నారా? 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో ఉన్నవి నాలుగే స్వరాలు. శత్రువులు తగ్గేకొద్దీ వాటి వేగం పెరుగుతుంది, ఆడేవాడికి గుండెదడా పెరుగుతుంది. భజన చివర్లో తాళం జోరందుకున్నట్టే!

ఆట కూడా ఆ రుణం తీర్చుకుంది. 'సివిలైజేషన్ 4' కోసం క్రిస్టఫర్ టిన్ స్వాహిలీలో కట్టిన 'బాబా యేతు'కు 2011లో గ్రామీ వచ్చింది. గేమ్ సంగీతానికి అదే మొదటి గ్రామీ.

కొండాపూర్‌లో మా పదో తరగతి వాడూ గేమ్‌లో విన్న వరసల కోసమే కీబోర్డు క్లాసులో చేరాడు. హైటెక్ సిటీ నుంచి అలసి వచ్చిన మావారు, "ఈ ఏడాదికి మాన్పించు" అన్నారు. పరీక్షల భయం నాకూ ఉంది. అయినా, వాడంతట వాడు ఇష్టపడి నేర్చుకుంటున్నది ఇదొక్కటే. ఈ నెల ఫీజు కట్టేశాను.