ఆరున్నర నాట్లు

నీటికరవుకు పేరుపడిన దర్శి ప్రాంతమున పుట్టి, కాలువ కట్టపై కూర్చుండి సాగరు నీటి రాకకై ఎదురుచూచుటయే జలవిహారముగా ఎంచి పెరిగిన నేను, సియాటిల్ నగరమున ముప్పది యేండ్ల కాపురము పిమ్మట ఒక పాత మోటారు పడవను కొంటినన్న వార్తను మా యింటివారు జూదమునకు మరిగినవాని కథ వినినట్లు వినిరి. పడవ పొడవు 34 అడుగులు. ఒకటే డీజిలు ఇంజను, 120 అశ్వశక్తి. వయస్సున నాకంటె పదేండ్లు చిన్నది. తొందర తగని యీడున ఒకరికొకరము దొరికితిమి గాని, ఆ సంగతి నా తలకెక్కుటకు ఒక వేసవి పట్టినది.

అమ్మినవాడు "ఎనిమిది నాట్లు అవలీలగా పోవును" అని చెప్పియుండెను. నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. ఒకనాటి సాయంకాలము, 1917లో తెరచిన బల్లార్డ్ లాకుల గుండ సరస్సునుండి సముద్రపు పాయలోనికి దిగి, భోజనమునకు పిలిచిన మిత్రుల యింటికి వేళ మించుచున్నదన్న ఆతురతతో థ్రాటిలును చివరికంట నెట్టితిని. పడవ ముక్కు పైకి లేచెను, వెనుకభాగము గోతిలోనికి దిగినట్లు కుంగెను, ఘోష రెట్టింపయ్యెను, వేగము మాత్రము ఏడున్నరనుండి ఎనిమిదికి ప్రాకి అచటనే నిలిచిపోయెను. సరిగా అప్పుడే, దర్శిలో తెల్లవారుచుండగా, మా నాయన వీడియోకాల్ చేసిరి. పడవను చూపుదమని ఫోనును వెనుకకు త్రిప్పితిని. ఆయన పడవను చూడలేదు, సముద్రమును చూడలేదు, నీటిపై పరచుకొనుచున్న నల్లని పొగను చూచి, ఒక క్షణము చెవియొగ్గి, "ఒరే అబ్బాయా, ఇంజను లాగలేక చస్తా ఉంది. ముందు రేజింగు తగ్గించు" అనిరి. తగ్గించునంతలో వేడిని చూపు ముల్లు ఎర్రగీతను తాకనే తాకెను.

నాయనకు ఆ విద్య పుస్తకములవలన వచ్చినది కాదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినను, అది మా చేనివరకు వచ్చుటకు మరికొన్ని యేండ్లు పట్టినది. అంతదనుక బావిమీది 5 అశ్వశక్తి ఆయిలింజనే మా మిరపతోటకు ప్రాణాధారము. రాత్రి రెండవజామున నులకమంచముపై నిద్రించుచునే, ఇంజను చప్పుడులో వీసమెత్తు తేడా వచ్చిన లేచి కూర్చుండువారు. మోయగల భారమునకు మించి పైబడినపుడు ఇంజను తాను కాల్చుకొనలేని నూనెను మ్రింగి నల్లగా కక్కునని ఆయన ఆనాడే ఎరుగుదురు.

నాకు మాత్రము లెక్క కావలసివచ్చినది. 1870ల దశకమున ఇంగ్లండులోని టార్కీ పట్టణమున విలియం ఫ్రౌడ్ అను ఇంజనీరు పొడవైన నీటితొట్టి కట్టించి, అందు నమూనా ఓడలను లాగించి, నీరు ఓడకు కలిగించు అడ్డంకిని కొలిచెను. పడవ కదలినపుడు ముక్కుకడ అల లేచును. వేగము హెచ్చినకొలది ఆ అల నిడివి హెచ్చి, తుదకు దాని రెండవ శిఖరము పడవ వెనుకకొసను చేరును. అటుపై పడవ తాను లేపిన అలనే తాను ఎక్కవలసియుండును, మిరప బస్తాల బండి కాలువ కట్ట ఎక్కినట్లు. నీటిగీతకడ పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34తో గుణించిన ఆ హద్దు నాట్లలో తేలును. నా పడవకు నీటిగీత 30 అడుగులు, హద్దు 7.3. బలమైన ఇంజను గల తేలికపడవలు ఆ అలను దాటి నీటిమీద జారిపోగలవు. నా పడవ కడుపు అందుకు మలచినది కాదు.

ఆటుపోటుల ప్రవాహము మోసపుచ్చకుండ ఒకే దూరమును పోయి, మరలి, సగటు తీసి ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిని. నిమిషమునకు 1,700 చుట్లయందు వేగము ఆరున్నర నాట్లు, గంటకు డీజిలు 7 లీటర్లు. 2,300 చుట్లయందు ఎనిమిది నాట్లు, 17 లీటర్లు. 20 నాటికల్ మైళ్ళ పయనమున ఎనిమిది నాట్లకు రెండున్నర గంటలు, సుమారు 43 లీటర్లు. ఆరున్నరకు మూడు గంటల అయిదు నిమిషములు, సుమారు 22 లీటర్లు. ముప్పదియైదు నిమిషములకు ఇరువదియొక్క లీటర్లు! అట్లని మరీ నత్తనడకయు మంచిది కాదు. ఎల్లకాలము చల్లగా తిరుగు డీజిలు ఇంజనుకు మసి పట్టును. కావున మరలివచ్చునపుడు పదినిమిషములు కొంచెము గట్టిగా తోలుదును. నగరపు సరస్సగు లేక్ యూనియన్‌లో ఏడు నాట్ల నిబంధన ఉండనే యున్నది. అచట నీటిపై తేలు ఇండ్లలో కాపురముండువారి గిన్నెలు నా అలకు గలగలలాడుట నాకును ఇష్టము లేదు.

ఆరున్నరయందు చుక్కాని ప్రక్కన పెట్టిన గాజుగ్లాసులోని టీపై మీగడ కదలదు. ఏడు దాటినదా, నడిమినుండి సన్నని వలయములు పుట్టి అంచువరకు పోవును. ఇప్పుడు నేను మీటరుకంటె ఆ గ్లాసునే ఎక్కువగా చూచుచున్నాను.

మొన్న నాయన ఫోనులో అడిగిరి:

"ఇప్పుడు ఎంతలో పోతన్నావురా?"

"ఆరున్నర నాట్లు, నాయనా."

"నాట్లేందిరా? వరేమన్నా ఏసినావా?"

"కాదులే, నీళ్ళ మీద లెక్క అది. గంటకు పన్నెండు కిలోమీటర్లు."

ఆయన కొంతసేపు మాటాడలేదు.

"అయితే నేను సైకిలేసుకొని పొదిలి పోయినట్టేగదరా" అనిరి.