తిరునెల్వేలి సునాముఖి

తమిళనాట తిరునెల్వేలినుండి తూత్తుకుడి రేవునకు బోవు త్రోవలో, తామ్రపర్ణీతీరపు వరిచేలు వెనుకబడగానే వానకై యెదురుచూచు మెట్టపొలములు కానవచ్చును. మావారి బడి సెలవులలో మేమా త్రోవను పోయితిమి. మోకాలెత్తు మొక్కలమీద పసుపుపచ్చని పూగుత్తులను జూచి మా బాలికలు “తంగేడు, తంగేడు” అని కేకలు వేసిరి. వారి మాట కొంత నిజమే. బతుకమ్మలో పేర్చు తంగేటికి ఈ మొక్క దగ్గఱి చుట్టము. దీనిని మనము నేలతంగేడనియు, సునాముఖి యనియు, తమిళులు నిలవాగై యనియు పిలుతురు.

దీని పుట్టినిల్లు అరేబియా, ఆఫ్రికా యెడారులు. మెట్టినిల్లు ఈ సీమ. ఆకు దూసి, నీడలో పలుచగా బఱచి, తిరుగవేయుచు ఆఱబెట్టుదురు. పిదప బేళ్లు గట్టి తూత్తుకుడి రేవునుండి పరదేశములకు బంపుదురు. 1986లో తూత్తుకుడి వేఱు జిల్లా యైనను ఆకునకు తిరునెల్వేలి పేరే నిలిచినది.

ఇందలి సెన్నోసైడులను పదార్థములు మార్పు జెందకయే పెద్దప్రేవునకు జేరును. అచ్చటి సూక్ష్మజీవులు వానిని విడగొట్టగా ప్రేవు కదలును. ఇందులకు 6 మొదలు 12 గంటలు పట్టును. కావుననే రాత్రి పరుండునపుడు పుచ్చుకొందురు. గుణము కనబడలేదని తొందరపడి రెండవమాఱు మ్రింగరాదు.

సోదరీమణులారా! ఎప్పుడైన గలుగు మలబద్ధమునకు ఇది మంచి మందే. కాని వైద్యుని యనుమతి లేక వారమునకు మించి వాడరాదు. నిత్యము విరేచనము లైనచో నీటితోబాటు పొటాసియము పోయి కండరములు సత్తువ దప్పును, గుండె నడక తడబడును. గుండెజబ్బునకు డిగాక్సినును, నీరు తీయు మందులును వాడువారికి అపాయము హెచ్చు. కారణము తెలియని కడుపునొప్పి, వాంతులు ఉన్నపుడు దీనిని ముట్టనేరాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు వైద్యుని యడిగియే వాడవలెను. పసిపిల్లలకు ఇంట తోచిన కొలతతో పోయరాదు.

నేడు ఒడలు తగ్గించు తేనీరని యమ్మెడి పొట్లములు కొన్నిటిలో నున్నది ఈ యాకే. అన్నసారము చాలవఱకు చిన్నప్రేవులోనే రక్తమున గలియును; సునాముఖి పని దాని తరువాతి పెద్దప్రేవులో. కనుక తగ్గునది నీరే కాని క్రొవ్వు కాదు. కొనుటకు ముందు పొట్లముపై సునాముఖి, సనాయి, సెన్నా అను పేళ్లలో నేదైన నున్నదేమో చదువుడు. ఉన్నచో దానిని నిత్యము త్రాగు తేనీరుగా గాక, విరేచనపు మందుగానే యెంచుడు.