తాబోరులో రాతిబల్ల

చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నుండి దక్షిణంగా రైలులో సుమారు ఒకటిన్నర గంట ప్రయాణిస్తే, లుజ్నిత్సె నది ఒడ్డున గుట్టమీద తాబోరు పట్టణం కనబడుతుంది. పేరు వినగానే బైబిలులోని తాబోరు కొండ జ్ఞాపకమొస్తుంది గదా! ఈ ఊరికి ఆ కొండ పేరే పెట్టుకున్నారు. 1492లో కట్టిన ఊరి చెరువు పేరు యొర్దాను.

ఆ కాలంలో ప్రభువు బల్లలో ద్రాక్షారసపు పాత్ర గురువులకే. సామాన్యులకు రొట్టె మాత్రమే. 1415లో దైవజనుడైన జాన్ హస్‌ను కాన్‌స్టన్స్‌లో సజీవంగా దహించారు. పాత్ర అందరిదీ అన్న ఆయన అనుచరులు 1420లో ఈ పట్టణం కట్టుకున్నారు. వచ్చినవారు తమ సొత్తును అందరికోసం ఉంచిన పీపాలలో వేసేవారు, అపొస్తలుల దినాలలోవలె.

ఊరి నడుమ మైదానంలో పాత రాతిబల్ల ఉంది. దానిపై ప్రభువు బల్ల ఆచరించేవారని చెబుతారు. చెయ్యి ఉంచి నిలబడ్డాను. కాని కథ అక్కడితో ఆగలేదు. ఆ సంవత్సరం ముగియకముందే వారు చుట్టుపక్కల రైతుల దగ్గర శిస్తు వసూలు చేయసాగారు. ఖడ్గం పట్టిన వారి సైన్యం 1434లో లిపాని యుద్ధంలో ఓడిపోయింది.

ప్రియ పాఠకులారా, ఆదివారం ఒకే పాత్రలో త్రాగి లేచిన మనం, సోమవారం పొలంగట్టు దగ్గర, కూలి డబ్బులిచ్చే చోట కూడా సహోదరులుగానే ఉంటున్నామా? ఆ రాతిబల్ల నన్నడిగిన ప్రశ్న ఇదే.