పడుగొక రంగు, పేకొక రంగు

మమ్మల్ని దూదేకులవాళ్లంటారు. నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీ అని కూడా అంటారు. మాది నెల్లూరు పక్కన వెంకటాచలం. మా మగవాళ్లు విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి దూదేకేవాళ్లు. ఆడవాళ్లు ఇంటిపట్టున బొంతలు కుట్టేవాళ్లు. ఏకుడు మిషన్లొచ్చి విల్లు మూలబడింది. ఫోము పరుపులొచ్చి పరుపులు కుట్టే పనీ తగ్గింది. బొంత మాత్రం మా ఇంట్లో మిగిలింది.

అడుగున ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీరలు నాలుగైదు పొరలు. పైన చదరంగా కత్తిరించి అతికిన ముక్కలు. అన్నిటినీ కలిపి దబ్బనంతో దగ్గర దగ్గరగా వరస కుట్లు. మా అవ్వ బొంత ఇట్లా వుండేది.

ఆమెకిష్టమైన గుడ్డ నెమలికంఠం రంగు నూలుచీర. నీలం పడుగు, ఆకుపచ్చ పేక. బట్టల వ్యాపారులు షాట్ కాటన్ అంటారు. ఉర్దూలో ధూప్‌ఛావ్, అంటే ఎండానీడా. దీంట్లో రంగులు కలిపి అద్దరు. నీలం పోగు నీలంగానే వుంటుంది, ఆకుపచ్చ పోగు ఆకుపచ్చగానే వుంటుంది. వెలుగు పడే వైపును బట్టి ఒకసారి ఇది, ఒకసారి అది మెరుస్తుంది. ఒకే చీరలో కోసిన రెండు ముక్కల్ని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పక్కపక్కన అతికితే వేరువేరు గుడ్డలనుకుంటారు. అవ్వ ఒక్క చీరతోనే రెండు రంగుల గళ్ల బొంత కుట్టేది.

మమ్మల్ని చూసే చూపూ అంతే. మా ఇంట్లో మాట తెలుగు. నమాజు అరబ్బీలో. ఉర్దూ మాట్లాడే సాయిబులు 'మీకు ఉర్దూ రాదు, మీరేం ముస్లింలు?' అంటారు. హిందూ స్నేహితులు 'మీరు ముస్లింలలా వుండరండీ' అంటారు. అది మెచ్చుకోలనే అనుకుంటారు. ఏ ముస్లింలలా వుండనందుకు ఆ మెచ్చుకోలు? 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చాక ఆ మాటలో భయం కూడా చేరింది. మంచివాడినని రుజువు చేసుకోవాలంటే నాలో ముస్లిం కనపడకుండా తిప్పి నిలబడాలి. ప్రభుత్వ జాబితాలోనూ వేరే వరసే. మేము బీసీ-బి. 2007లో బీసీ-ఇలో చేర్చిన ముస్లింలు వేరు.

మా మండలంలోనే కసుమూరు మస్తాన్ వలీ దర్గా వుంది. గంధం రాత్రి ఆ ఆవరణలో బొంతలు పరుచుకుని పడుకున్నవాళ్లలో హిందువులెవరో ముస్లింలెవరో ఎవరూ అడగరు. ఆయన పేరే పెట్టుకున్న మస్తానయ్యలు, మస్తానమ్మలు మా జిల్లా హిందూ ఇళ్లలో ఎంతమంది! వాళ్లనెవరూ 'నువ్వు ఏ రంగు?' అని నిలదీయరు. ఆ ప్రశ్న మాకే.

నా తెలుగు తీసేసి నన్ను మంచి ముస్లింని చెయ్యలేరు. నా ఇస్లాం తీసేసి మంచి తెలుగువాణ్ణీ చెయ్యలేరు. పడుగు లాగేస్తే పేక గుడ్డగా నిలవదు. పోగుల కుప్ప మిగులుతుంది. దాన్నెవరూ కప్పుకోలేరు.