ఖనిలో చివరి ఎపిసోడ్

సికింద్రాబాద్‌లో రైలెక్కేటప్పుడు నా ఫోన్లో ఒకే ఒక్క ఎపిసోడ్ డౌన్‌లోడ్ చేసి ఉంది. ‘లవ్లీ రన్నర్’ పదహారోది, అంటే చివరిది. 2024 మే 28న కొరియాలో వచ్చేసింది. రెండు రోజులుగా రీల్స్‌లో స్పాయిలర్లు తప్పించుకుంటూ బతుకుతున్నా. ఎందుకంటే దాన్ని చెల్లెతో కలిసి గోదావరిఖనిలో మా క్వార్టర్లోనే చూడాలని ఒప్పందం. మే 31న బాపు రిటైర్మెంట్. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలి.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ: ఇమ్ సోల్ అనే అమ్మాయికి ర్యూ సన్‌జే అనే సింగర్ అంటే ప్రాణం. అతను చనిపోతాడు. ఒక పాత వాచీ ఆమెను 2023 నుంచి 2008కి తీసుకుపోతుంది. అప్పుడతను ఎవరో కాదు, ఎదురింటి కుర్రాడే! అతన్ని కాపాడుకోవడానికి ఆమె పడే తిప్పలే ఆ నవ్వులూ ఏడుపులూ అన్నీ.

పెద్దపల్లి దాటాక కిటికీలోంచి ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తే ఊరొచ్చేసినట్టే. 2600 మెగావాట్ల ప్లాంటు అది. 2022 నుంచి దాని రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు కూడా తేలుతున్నాయి. రామగుండం స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే ఖని చౌరస్తా. మే నెల ఎండ గురించి చెప్పను, వచ్చి చూడండి.

సాయంత్రం బాపు బండి తీశాడు. “రా బిడ్డా, నా మొదటి బాయి జూపిస్త.”

మా దగ్గర గనిని బాయి అంటారు. 1986లో బాపు తట్టా చెమ్మస్ పట్టుకుని దిగింది ఐదో ఇంక్లైన్‌లో. ఇంక్లైన్ అంటే నిట్టనిలువు గొయ్యి కాదు, ఏటవాలుగా లోపలికి దిగే సొరంగం. రోడ్డు పక్కన బండి ఆపి చెయ్యి చూపించాడు. అక్కడ సొరంగం లేదు. ఇప్పుడది ఓసీపీ-5, పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్. ఇవతల మట్టి గుట్టలు, వాటి మీద డంపర్లు.

“గక్కడ లాంప్ రూము. గక్కడ చాయ్ హోటల్,” అంటూ గాలిలో వేలు తిప్పుతున్నాడు. 2008కి పోతే సోల్‌కి వాళ్లమ్మ నడిపిన వీడియో షాపు ఉన్నచోటే దొరికింది. బాపు వెతికే చాయ్ హోటల్ కింద నేల కూడా మిగల్లేదు. వాచీ ఎంత వెనక్కి తిప్పినా దిగడానికి ఓ చోటుండాలి కదా!

నిజానికి టైమ్ ట్రావెల్ మాకు కొత్తేం కాదు. గోదావరి లోయలో ఈ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల కంటే ముందు బతికిన చెట్లు. బాపు ముప్పై ఎనిమిదేళ్లుగా రోజూ ఆ అడవిలోకి దిగి, షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి మాతో అన్నం తిన్నాడు.

రాత్రి కూలర్ ముందు ఫోన్ని స్టీలు డబ్బాకి ఆనించి ఎపిసోడ్ పెట్టాం. సన్‌జేకి పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగొచ్చేశాయి. చెల్లె ఏడుపు. నేను ఏడవలేదు (ఏడ్చాను). వెనకాల మంచం మీంచి అమ్మ, “ఏమైందే? ఎవలు సచ్చిండ్రు?”

కథంతా చెప్పాం. ‘నీకూ అలాంటి వాచీ దొరికితే ఎక్కడికి పోతావమ్మా’ అని అడిగింది చెల్లె.

“మా పెండ్లిచూపుల దినానికి వోత.”

“పోయి?”

“నైట్ షిఫ్ట్ వోనని రాసిస్తెనే చేసుకుంటనని చెప్త.”

అందరం పడీపడీ నవ్వాం. కానీ అది జోక్ మాత్రమే కాదు. షిఫ్టు వారవారం మారేది. బాపు వచ్చేసరికి మేం బడికి, మేం వచ్చేసరికి ఆయన నిద్రలో. అమ్మానాన్నల ప్రేమకథంతా టిఫిన్ డబ్బా అందుకునే ఆ రెండు నిమిషాల్లోనే నడిచింది.

“నువ్వు బాపూ?”

కాసేపు ఆలోచించాడు. “నేను యాడికి వోత? మళ్ల ఐదో బాయికే వోత. మీరు జదవాలె గద.”

ఇమ్ సోల్ కూడా ఇంతే. ఎన్నిసార్లు వెనక్కి పోయినా తన కోసం ఒక్క రోజూ అడగలేదు.

మర్నాడు ఫస్ట్ షిఫ్ట్. బాపు చివరి మస్టర్. మెడలో పూలదండలతో, శాలువాతో వచ్చాడు. ఎదురు క్వార్టర్ అత్త వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. సోల్‌కి ఎదురింట్లో సన్‌జే ఉన్నట్టు, అమ్మకి ఈ అత్త.

జూన్ 1. పొద్దున అయిదింటికి బాపు ఫోన్లో అలారం మోగింది. తీసెయ్యడం మర్చిపోయాడట. ఆపేశాడు, కానీ మళ్లీ పడుకోలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, డ్యూటీకి పోయేవాళ్ల బండ్లు చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఇంకో కుర్చీ తెచ్చుకున్నా.