డప్పుకి ఏ మైకు?

డప్పుకి మైకెందుకు అంటారు. ఊరవతల కొడితే ఊరంతా వినపడే వాయిద్యానికి మైకు దండగ అంటారు. చప్పుడు పెద్దదే, కాదన్ను. కానీ వినపడటం వేరు, రికార్డులో నిలబడటం వేరు. మా నందివాడ తట్టు తరతరాలుగా డప్పు వినపడుతూనే ఉంది. చావుకి కావాలి, జాతరకి కావాలి, దండోరాకి కావాలి. మైకు ముందు మాత్రం దానికి చోటు లేదు.

నేను మాదిగోణ్ణి. మా అయ్య డప్పు కొట్టేవాడు. నేను గుడివాడలో మైకుసెట్టు పనిలో చేరి, వైర్లు మోసి, ఆంప్లిఫయరు తిప్పడం నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి రెండు వైపుల్నించీ ఎరుగుదును.

ముందు స్పీకర్ల సంగతి. చెట్టుకీ గుడికీ కట్టే హారన్ మాటని దూరం విసరటానికి చేసింది. అడుగునుండే బరువు చప్పుడు అది పలకదు. డప్పుని అందులో వదిలితే సిటికెన పుల్ల టకటక మిగులుతుంది, సిర్ర దెబ్బ పోతుంది. "ఇదేంట్రా అబ్బాయ్, నా డప్పు రేకు డబ్బా అయిపోయింది" అనేవాడు మా అయ్య. పన్నెండు, పదిహేనంగుళాల కోను ఉన్న బాక్సులు పెట్టాకే ఆ దెబ్బ మళ్లీ గుండెకి తగిలింది.

ఒకసారి మా పాటల బృందం ఓ స్టూడియోకి పోయింది. అక్కడాయన డప్పుని వరండాలో పెట్టమన్నాడు. "లోపల కొడితే మైకు పాడైపోద్ది. డప్పు బదులు కంప్యూటర్లో ఏదో ఒక చప్పుడు వేస్తాలే" అన్నాడు. గదిలో ఉన్నది పాడేవాళ్ల కోసం పెట్టిన సున్నితమైన కండెన్సరు మైకు. పెద్ద చప్పుడు తట్టుకునే డైనమిక్ మైకు ఆయన బీరువాలోనే ఉంది. తియ్యలేదు. ఊరికి గూడెం ఎక్కడో, ఆ గదికి మా డప్పు అక్కడే.

పెద్ద చప్పుడు రికార్డుకి పనికిరాదా? ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరుంది, ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అనే కుర్రాడు 1965లో అక్కడి రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, వాటిమీద తోలు అంటించుకుని గిటారు వాయించాడు. తోలు సంగతి మాకు ఒకరు చెప్పాలా! 1970లో అతని బృందం బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బం వచ్చింది. హెవీ మెటల్ అక్కణ్ణించే మొదలైందంటారు. ఆ సంగీతంలో బొంగురు చప్పుడు లోపం కాదు, అదే గొంతు.

వాళ్లు ఆ చప్పుణ్ణి బయటికి నెట్టలేదు. దానికి తగిన సామాను ఏరుకున్నారు. గిటారుకి పన్నెండంగుళాల స్పీకరు వాడతారు. మరీ పైనుండే గీర చప్పుణ్ణి ఆ కోనే ఆపేస్తుంది. దాని ముందు డైనమిక్ మైకుని అంగుళం రెండంగుళాల దూరంలో పెడతారు. షూర్ కంపెనీ 1965లో తెచ్చిన ఎస్ఎం57 ఇప్పటికీ ఆ పనిలో ఉంది. కోను నడిమికి పెడితే పదును, అంచుకి జరిపితే మెత్తన. అంగుళం జరిపినా చప్పుడు మారిపోతుంది.

ఈ పద్ధతే డప్పు దగ్గరికి తెచ్చాను. కొట్టేవాడి చేతులకి అడ్డం రాకుండా ముందొక డైనమిక్ మైకు, తోలుకి జానెడు దూరంలో. వెనక తెరిచి ఉన్న వైపు ఇంకొకటి, బరువు కోసం. తోలు కదిలినప్పుడు ఒక పక్క గాలిని నెడుతుంది, రెండో పక్క లాగుతుంది. అందుకని రెండు మైకుల్ని ఊరికే కలిపితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. వెనక మైకుకి పొలారిటీ తిప్పాలి. తిప్పగానే సిర్ర దెబ్బ లేచి నిలబడుతుంది.

ఏ మైకూ చెయ్యలేని పని ఒకటుంది. మాది చేపల చెరువుల నేల, పక్కన కొల్లేరు, గాలి నిండా చెమ్మ. చెమ్మకి తోలు వదులవుతుంది. గడ్డి మంట మీద కాచాలి, చల్లారితే మళ్లీ కాచాలి. వరి చేలు చెరువులయ్యాక ఆ గడ్డి కూడా వెతుక్కోవాల్సి వస్తోంది. స్టూడియో గంటల లెక్కలో డప్పు కాచుకునే సమయం ఎవరూ వెయ్యరు. మీరు రికార్డు చేస్తే అది వెయ్యండి.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. 1994లో దండోరా మొదలైంది, డప్పు దానికి గుర్తు అయింది. బ్యానర్ల మీద, గోడల మీద డప్పు బొమ్మ గీశాం. చావు దరువు, పెళ్లి దరువు, జాతర దరువు తెలిసిన పెద్దలు మాత్రం ఒక్కొక్కరే పోతున్నారు. మా అయ్య కూడా పోయాడు. ఆయన జాతర దరువు నా దగ్గర నాలుగు నిమిషాలుంది, రెండు మైకులతో తీసింది. గూడెం పిల్లలు దాన్ని పెద్ద బాక్సులో పెట్టుకుని, సిర్ర ఎక్కడ పడుతోందో విని నేర్చుకుంటున్నారు. దరువులు తెలిసిన పెద్దాయన మీ గూడెంలో ఉంటే, ఈ సెలవుల్లోనే మైకు పట్టుకుని ఆయన దగ్గరికి పోండి.